సెజ్‌లలో ఊరివాళ్ల ఉద్యోగాల లెక్క చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సెజ్‌ల (ఎగుమతి కంపెనీల కోసం పన్ను రాయితీలతో పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండళ్ల) వల్ల పల్లెలు బాగుపడ్డాయా అంటే ఒక్క మాటలో చెప్పలేం. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అనే దుస్తుల కంపెనీ సెజ్ వచ్చాక చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వేల మంది కుట్టుపనికి వెళ్తున్నారు, నెలనెలా సొంతంగా జీతం అందుకుంటున్నారు, ఇది చిన్న విషయం కాదు. కానీ 2005 సెజ్ చట్టంతో కంపెనీల ఎగుమతి లాభాలకు ఐదేళ్లు ఆదాయపు పన్ను పూర్తిగా వదిలేసినా, దేశంలో నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో 28,488 హెక్టార్లలోనే పని మొదలైందని 2014లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. మరి మిగతా భూమి? పట్టా ఉన్న రైతుకు పరిహారమైనా వచ్చింది, అదే పొలంలో కూలి చేసుకున్నవాళ్లకు 1894 నాటి భూసేకరణ చట్టం ఏమీ ఇవ్వలేదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ప్రతి సెజ్‌లో స్థానికులెందరు, అందులో పర్మినెంట్ ఎందరు, కాంట్రాక్టు ఎందరు అనేది ప్రభుత్వం ఏటా ఆ పంచాయతీ ఆఫీసులోనే బోర్డు మీద పెట్టాలి.

— ఒక పాఠకుడు, అనకాపల్లి