కింది లీగుల క్లబ్బులకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఫిన్లాండ్ ఫుట్‌బాల్ గురించి మన పత్రికల్లో ఎప్పుడైనా వార్త వస్తే, అది జాతీయ జట్టుకో, అగ్రశ్రేణి వెయిక్కౌస్‌లీగాకో పరిమితమవుతోంది. కింద ఉన్న కోల్మోనెన్, నెలోనెన్, విటోనెన్ శ్రేణుల్లో ఆడేవారిలో అత్యధికులు పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రం మైదానానికి వచ్చేవారే. గోల్ స్తంభాలకు వలలు కట్టడం మొదలుకొని విరామంలో కాఫీ, వేడి సాసేజీలు అమ్మి క్లబ్బుకు నాలుగు యూరోలు కూడబెట్టడం వరకు అన్నీ సభ్యులు, పిల్లల తల్లిదండ్రులు 'తల్కోత్' అనే ఉమ్మడి శ్రమదానంతో నెరవేరుస్తారు. శీతకాలపు మంచులో సాధనకు ఇండోర్ హాలు అద్దె కట్టడమే చిన్న క్లబ్బుకు పెను భారం. అయినా దేశవ్యాప్త సువోమెన్ కప్‌లో ఇలాంటి క్లబ్బులకూ ప్రవేశం ఉంది. నా దృష్టిలో ఆ దేశపు ఫుట్‌బాల్‌కు అదే అసలైన గౌరవం. ఈ జట్ల గురించి మీ క్రీడాపుటలో అప్పుడప్పుడైనా వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు