కంచు అద్దంలో కనపడిన సుడి

డబ్లిన్,
ఏప్రిల్ నెల, ఆదివారం

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మొన్న ఈస్టర్ సెలవులకి ఇక్కడే ఐర్లండ్‌లో బర్ అనే ఊరు వెళ్లొచ్చాం. ఆ సంగతి ఫోన్‌లో చెప్పబోతే కొలిమి దగ్గర చప్పుడుకి మీకు సరిగ్గా వినపడలేదు. అందుకే ఉత్తరం. ఇది ముందు మీకే చెప్పాలి నాన్నగారూ, తీరిగ్గా చదవండి.

ఆ ఊళ్లో ఒక కోట ఉంది. దాని తోటలో రెండు రాతిగోడల మధ్య యాభై అడుగులకి పైన పొడవున్న నల్లటి గొట్టం వేలాడుతూ ఉంటుంది. అది టెలిస్కోపు. ఆ కోట యజమాని విలియం పార్సన్స్, అందరూ లార్డ్ రాస్ అనేవారట, 1845కల్లా దాన్ని తయారుచేశాడు. 1917లో అమెరికాలో ఇంకా పెద్దది వచ్చేదాకా ప్రపంచంలో ఇదే పెద్దది. ఇప్పుడున్నది 1990ల్లో మళ్లీ బాగుచేసి నిలబెట్టింది. గొట్టం చూసి ఎంత పెద్దదో అనుకుని వచ్చేసేదాన్నేమో. లోపల మ్యూజియంలో అద్దం గురించి చదివి అక్కడే ఆగిపోయాను. పాత అద్దం గాజుది కాదు నాన్నగారూ, కంచుది! ఆరడుగుల అడ్డకొలత, దాదాపు మూడు టన్నుల బరువు.

మీరు గుడి గంట పోసేటప్పుడు నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరం వేస్తారు కదా. ఆయన రెండు పాళ్లకి ఒక పాలు చొప్పున వేశాడు. అంత తగరం పడితే లోహం వెండిలా తెల్లబడుతుంది, మెరుగు పెడితే మొహం కనపడుతుంది. కానీ గాజంత పెళుసు. ఇక్కడి చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ అనే మట్టిని మంటకి వాడారు. అచ్చు అడుగున ఇనప పట్టీలు నిలువుగా, దగ్గర దగ్గరగా పేర్చారు. గాలి ఆ సందుల్లోంచి పోవాలని, పోత అడుగునుంచి చల్లబడుతూ రావాలని. పోసిన వెంటనే పొయ్యిలో పెట్టి మూసేసి, 16 వారాలు నెమ్మదిగా చల్లారనిచ్చారు. అయినా కొన్ని పగిలాయి. పగిలినప్పుడల్లా మళ్లీ పోశారు. పని చేసిందంతా ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, ఆయనే దగ్గరుండి నేర్పించాడు.

అది చదువుతుంటే నాకు మీరు పోసిన గుడి గంట గుర్తొచ్చింది. నేను ఏడో క్లాసు. గుడివాళ్లు తొందరపెడితే అచ్చు ఒకరోజు ముందే విప్పారు. అంచు నుంచి వెంట్రుకంత గీత. మీరు గోటితో దాని వెంట రాసుకుంటూ పోయారు, ఒక్క మాట మాట్లాడలేదు. రెండ్రోజుల తర్వాత దాన్ని మీరే పగలగొట్టి మళ్లీ మూసలో వేశారు. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

ఇంతకీ ఆ కంచులో ఏం కనపడిందో చెప్పాలి. 1773లో ఫ్రాన్సులో మెసియే అనే ఆయన ఒక తోకచుక్కని చూస్తూ, మధ్యలో చిన్న వెలుగు మరక చూశాడు. తన పట్టికలో 51వ నంబరు ఇచ్చాడు. ఇప్పటికీ దాన్ని ఎం51 అనే అంటారు. తర్వాత చూసినవాళ్లకి ఒక చుక్క, చుట్టూ ఉంగరంలాంటి వలయం కనపడ్డాయి. 1845 వసంతంలో లార్డ్ రాస్ నిచ్చెనలెక్కి, గొట్టం మూతి దగ్గర నిలబడి చూస్తే, అది ఉంగరం కాదు, సుడి. వరద గోదావరిలో తిరుగుతుందే, అచ్చం అలాంటిది. ఆకాశంలో సుడి ఆకారాన్ని మనిషి చూడడం అదే మొదటిసారి. ఫొటోలు లేవు కాబట్టి బొమ్మ గీశాడు. ఇప్పుడు అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటో పక్కన ఆ బొమ్మ పెట్టి చూశాను. సుడి నుంచి చాచిన చేతుల వంపు, పక్కనున్న చిన్న గెలాక్సీ, అంటే నక్షత్రాల పెద్ద గుంపు, అన్నీ సరిపోయాయి. ఆ ఏడే ఇక్కడ బంగాళాదుంపకి తెగులు వచ్చి కరువు మొదలైంది. ఆయన ఆకాశం పని పక్కనపెట్టి జనానికి సాయం చేయడంలో పడ్డాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

అది మన పాలపుంత లాంటి మరో గెలాక్సీ అని తెలియడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. అక్కణ్నుంచి వెలుగు మన దగ్గరకి రావడానికి రెండున్నర, మూడు కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ వెలుగు బయల్దేరేటప్పటికి భూమ్మీద మనిషనేవాడే లేడు.

ఆ సుడి చేతులు నక్షత్రాలతో కట్టిన తాడు లాంటివని నేను అనుకునేదాన్ని. కాదట. సంక్రాంతికి టోల్ గేట్ దగ్గర ట్రాఫిక్ చూడండి. కార్లు వస్తుంటాయి, పోతుంటాయి, జామ్ మాత్రం అక్కడే ఉంటుంది. ఇదీ అంతే, నక్షత్రాలూ వాయువూ లోపలికి వచ్చి బయటికి పోతుంటాయి. ఆ ఇరుకులో వాయువు నొక్కుకుని కొత్త నక్షత్రాలు పుడతాయి. అందుకే చేతుల వెంట నీలి చుక్కలు, గులాబీ రంగు మచ్చలు, నల్లటి ధూళి చారలు. పక్కనున్న చిన్న గెలాక్సీ దగ్గరగా వచ్చి లాగడం వల్లే ఆ చేతులు అంత స్పష్టంగా ఉన్నాయట. 1972లో టూమ్రే అన్నదమ్ములు కంప్యూటరు మీద లెక్కకట్టి, అలాంటి లాగుడు వల్ల ఇలాంటి ఆకారం వస్తుందని చూపించారు.

ఆ సుడి గెలాక్సీలో 1994లో, 2005లో, 2011లో నక్షత్రాలు పేలిపోయాయి. 2011లో పేలిన నక్షత్రం అంతకుముందు హబుల్ తీసిన ఫొటోలో ఉంది, తర్వాత తీస్తే లేదు. అదే గెలాక్సీలో ఇంకోచోట ఎక్స్-రే వెలుగు మూడు గంటలు మసకబడితే, శనిగ్రహమంత గ్రహం ఏదైనా అడ్డొచ్చిందేమో అని 2021లో చెప్పారు. ఇంకా ఖాయం కాలేదు. మళ్లీ అడ్డురావడానికి డెబ్బై ఏళ్లు పట్టొచ్చట. అప్పుడు చూడ్డానికి మా వాడు ఉండాలి.

అమ్మకి ఒక మాట. మీ పెళ్లిలో అరుంధతిని చూపించారు కదా, ఆ వసిష్ఠుడి పక్కన సప్తర్షుల తోక చివర మరీచి ఉంటాడు. మరీచికి రెండు వేళ్ల దూరంలో ఉంది ఈ సుడి. ఉత్త కంటికి ఆనదు, కానీ ఈ నెల రాత్రిళ్లు మేడ మీదికి వెళ్తే ఉత్తరం వైపు ఎత్తుగా ఆ చోటు కనపడుతుంది.

నాన్నగారూ, నాదొక కోరిక. రెండు పాళ్ల రాగి, ఒక పాలు తగరం. అరచేతంత బిళ్ల ఒకటి పోస్తారా? పెళుసుది, విప్పడానికి తొందరపడకండి, చల్లారనివ్వండి. జూన్‌లో మేం వచ్చినప్పుడు మెరుగు పెట్టే పొడి నేను తెస్తాను. అరుగు మీద కూర్చుని మీరూ, నేనూ, పిల్లాడూ కలిసి రుద్దుదాం.

మందులు వేళకి వేసుకోండి.

మీ చిన్నమ్మాయి