మా 32 సంచికల తాళంచెవి మీ దగ్గరే ఉంది

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మీ తెలుగు ఫాంటుతో కూర్చిన మా పత్రిక పాత ఫైళ్ల గురించి నెలన్నరగా మీ సేవా విభాగానికి ఫోన్ చేస్తున్నాను. ఇప్పటికి 11 సార్లు. నేను చెప్పింది చివరిదాకా విన్నవారు ఒక్కరూ లేరు. మొదట ఎత్తిన అమ్మాయి నా మాట పూర్తికాకముందే బిల్లు నంబరు అడిగింది. బీరువా అంతా తిరగేసి 1998 నాటి బిల్లు పట్టుకుని మర్నాడు చేస్తే, ఇంకెవరో ఎత్తి మళ్లీ మొదటినుంచి చెప్పమన్నారు. ఆ తర్వాత అమ్మకాల విభాగానికి కలిపారు. అక్కడి యువకుడు కొత్త వెర్షన్ ధర చెప్పాడు. పాత ఫైళ్లు అందులో చదవగలమా అంటే "కొనుక్కుని చూడండి సార్" అన్నాడు. పోయిన సోమవారం 20 నిమిషాలు సంగీతం వినిపించి లైను కట్ చేశారు. ఆ సాయంత్రమే నా ఫోనుకు సందేశం: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు? ఏం చేసి పరిష్కరించారు?

1998 నుంచి 2005 దాకా మా త్రైమాసిక పత్రిక 32 సంచికలూ మీ ఫాంటుతోనే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చాం. ఫాంటు పనిచేయాలంటే ప్రింటర్ పోర్టుకు తగిలించాల్సిన మీ లాక్ పాడైతే మళ్లీ డబ్బు కట్టి తెచ్చుకున్నాం. ఊళ్లో దొంగ కాపీలు దొరుకుతున్నా ఒక్కనాడూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ ఫైళ్లలోని పాఠాన్ని బయటికి తీస్తే, ఒక పెద్దావిడ పాడగా రాసుకున్న దంపుళ్ల పాట ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఆవిడ ఇప్పుడు లేరు. అచ్చు ప్రతులు చెదలు తినేశాయి.

పీడీఎఫ్ చేసుకోమని మీవారొకరు సలహా ఇచ్చారు. చేశాం. కంటికి తెలుగే. 'రోకలి' అని వెతికితే మాత్రం ఒక్క చోటా దొరకదు. మీ ఫాంటు తెలుగు అక్షర రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచింది మరి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో విడివిడి సంఖ్యలిచ్చే ఉమ్మడి ప్రమాణం యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దక్కినా, మేం మొదలుపెట్టిన నాటికి మా కంప్యూటర్లకు అది అందలేదు. అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. కానీ ఏ స్థానంలో ఏ రూపం ఉందో చెప్పే పట్టిక మీ దగ్గర ఉంటుంది. అదిస్తే యూనికోడ్‌లోకి మేమే మార్చుకుంటాం. ఈ ఒక్క ముక్క చెప్పనివ్వకుండా నెలన్నర తిప్పారు.

15 రోజులు చూస్తాను. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ ఫాంటు కొన్న చిన్న పత్రికలవాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్తాను. ముందు, నా ఫిర్యాదును మూసేసిన ఉద్యోగి చేత నాకు ఫోన్ చేయించండి.

ఇట్లు,
27 ఏళ్ల నాటి మీ ఖాతాదారు