ఆ మందు తాగినా ఈ మందు మానొద్దు

సంపాదకులకు,

డిసెంబర్ 1న, ఎయిడ్స్ దినం నాడు, ర్యాలీల ఫొటోలు వేస్తారు, సంతోషం. పుట్టుకతో హెచ్‌ఐవీ ఉండి, ఇప్పుడు ఇరవైల్లోకి వచ్చిన పిల్లల ఊసు మాత్రం ఆ పేజీల్లో కనపడదు. వాళ్లలో తాగుడు అలవాటైనవాళ్ల గురించే ఈ లేఖ.

మన భాషలో మద్యమూ మాత్రా రెండూ మందే. ‘అది తాగి ఇది వేసుకుంటే విషమవుతుంద’న్న మాట నమ్మి, తాగిన రాత్రి మాత్ర మానేస్తారు. హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్‌లకు మద్యంతో అలాంటి పేచీ లేదు. ముప్పంతా మానడంలోనే. నెలకు 30 మాత్రల్లో రెండు తప్పినా వాడకం, సరిగ్గా వాడుతున్నట్టు లెక్కించే 95 శాతం కిందికి జారుతుంది. హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లు మాత్రలు ఆపేస్తే కాలేయ వాపు తిరగబెట్టొచ్చు. టీబీ రాకుండా ఇచ్చే ఐసోనియాజిడ్ సంగతి వేరు. అది వాడినన్నాళ్లూ చుక్క ముట్టకూడదు. కళ్లు పచ్చబడితే వెంటనే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాలి.

అసలు రాత్రే ఎందుకు వేసుకోవాలి? పాత మాత్రలోని ఎఫావిరెంజ్‌తో తల తిరిగేది కాబట్టి పడుకోబోయే ముందు వేసుకోమనేవారు. మాత్ర మారింది, వేళ మారలేదు. టీఎల్‌డీ ఉదయం వేసుకోవచ్చు, తిన్నా తినకపోయినా. పైగా డోలుటెగ్రావిర్‌తో కొందరికి నిద్ర పట్టదు, ఆ నిద్ర కోసం మళ్లీ గ్లాసు. డాక్టరును అడిగి పొద్దుటికి మార్చుకుంటే రెండు చిక్కులూ తగ్గుతాయి. ఒక్క జాగ్రత్త: తాగిన మర్నాడు కడుపు మంటకు తాగే యాంటాసిడ్ సిరప్ డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వదు. సిరప్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి.

కౌన్సెలింగ్‌లో ‘తాగుతున్నావా?’ అంటే ‘లేదండీ’ అనే వస్తుంది. మిగిలిన మాత్రలు లెక్కపెట్టినా లాభం లేదు, పారేసి వచ్చేవాళ్లుంటారు. ‘పోయిన వారం ఏ రోజు వేసుకోలేదు, ఆ సాయంత్రం ఏమైంది?’ అనడగండి. ఇంట్లో గొడవో, పెళ్లి మాటో, తన జబ్బు ఎవరికో తెలిసిపోయిందన్న భయమో బయటపడుతుంది. రెండు వారాలుగా దిగులుగా ఉందా, దేనిమీదా మనసు పోవడం లేదా అనీ అడగాలి. అవునంటే మానసిక వైద్యుడికి చూపించాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందంటే ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.

రోజూ బాగా తాగేవాళ్ల చేత ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించకండి. ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. అది ఆసుపత్రిలో, డాక్టరు చూస్తుండగా జరగాల్సిన పని.

– ఇద్దరు కౌన్సెలర్లు, గుంటూరు