విషయం: మీ నెట్‌వర్క్ డ్రైవ్ మీద గిట్, ఎస్‌వీఎన్ ఎర్రర్లు, మీ సపోర్ట్ వాళ్ళు చెప్పిన సలహా వల్ల మాకు జరిగిన నష్టం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. మాది శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న ఆఫీసు, నలుగురం ఉంటాం, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకీ ఇక్కడి ఎరువుల షాపులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. సంక్రాంతి ముందు మీ నెట్‌వర్క్ డ్రైవ్ బాక్సు కొన్నాం, మీ సేల్స్ ఆయనే వచ్చి నాలుగు సిస్టంలకీ జెడ్ డ్రైవ్ కింద మ్యాప్ చేసిచ్చి "ఇంక కోడంతా ఇందులోనే పెట్టేసుకోండి, అందరూ ఇక్కడినుంచే పని చేసుకోవచ్చు" అన్నారు, నమ్మాం, పెట్టేసాం.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత బాక్సుకి అప్‌డేట్ వస్తే వేసుకున్నాం, తెల్లారి వచ్చి ఏ సిస్టంలో గిట్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) స్టేటస్ కమాండ్ కొట్టినా "డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్", అంటే ఫోల్డర్ ఓనర్ మీద అనుమానం ఉంది అని ఆగిపోతోంది. మీ వాళ్ళకి ఫోన్ చేస్తే గిట్ పాత వెర్షన్ వేసుకోమన్నారు. సార్, ఆ చెకింగ్ 2022 ఏప్రిల్‌లో 2.35.2 వెర్షన్‌లో ఒక సెక్యూరిటీ లోపం బయటపడ్డాక పెట్టారు, ఫోల్డర్ ఓనర్ ఒకరు, కమాండ్ కొట్టేది ఇంకొకరు అయితే ఎవరో రాసిపెట్టిన సెట్టింగ్ మన సిస్టంలో నడిచిపోయే ప్రమాదం ఉందని. అలాంటిది తీసేసి పాతది వేసుకోమని కస్టమర్‌కి ఎలా చెప్తారు? మేమే ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే ఓనర్ దగ్గర మా యూజర్ పేరు లేదు, ఎస్-1-5 అంటూ మొదలయ్యే పొడుగాటి నంబర్ ఉంది, అంటే మీ అప్‌డేట్ తర్వాత ఓనర్ పేర్లు మారిపోయాయన్నమాట. ఈ ఫోల్డర్‌ని నమ్మొచ్చని గిట్‌కి చెప్పే సేఫ్ డైరెక్టరీ సెట్టింగ్‌లో జెడ్ అని ఇస్తే వినలేదు, ఎర్రర్ కిందే చూపించిన సర్వర్ పేరుతో సహా పూర్తి దారి ఇస్తే అప్పుడు తెరుచుకుంది. ఈ ఒక్క ముక్క మీ వాళ్ళు చెప్పుంటే మాకు ఒక రోజు పని పోయేది కాదు.

అసలు బాధ దీని తర్వాత. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది, వచ్చాక కమిట్ (మార్పుల్ని చరిత్రలోకి ఎక్కించే కమాండ్) కొడితే "ఇండెక్స్ డాట్ లాక్ ఫైల్ ఆల్రెడీ ఉంది" అంది. గిట్ తన ఇండెక్స్ (తర్వాతి కమిట్‌లో వెళ్ళే ఫైళ్ళ జాబితా) రాసేటప్పుడు ఆ లాక్ ఫైల్ పెట్టుకుని, పనయ్యాక దాన్నే ఇండెక్స్‌గా పేరు మార్చేస్తుంది, మధ్యలో సిస్టం ఆరిపోతే అది అలాగే మిగిలిపోతుంది. నలుగురి సిస్టంలలోనూ గిట్ ఏదీ నడవట్లేదని చూసుకుని ఆ ఒక్క ఫైల్ తీసేస్తే సరిపోయేది. నేను ఆ రోజు పలాసలో క్లయింట్ దగ్గర ఉన్నాను, మా కొత్త కుర్రాడు మీ నంబర్‌కి ఫోన్ చేసాడు, మీ ఆయన "డాట్ గిట్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్ళీ ఇనిట్ కొట్టండి" అన్నారట. మార్పుల చరిత్రంతా ఉండేది ఆ ఫోల్డర్‌లోనే, ఇనిట్ కొడితే ఖాళీగా కొత్తది మొదలవుతుంది. పెద్ద కంపెనీ వాళ్ళు చెప్పారు కదా అని పాపం చేసేసాడు. నెట్‌వర్క్ డ్రైవ్ మీంచి డిలీట్ చేస్తే మన సిస్టం రీసైకిల్ బిన్‌లోకి రాదు, బాక్సులో ఉండే రీసైకిల్ బిన్ ఆన్ చెయ్యాలని మాకెవరూ చెప్పలేదు. నేను సాయంత్రం వచ్చేసరికి వాడు కుర్చీలోంచి లేవట్లేదు, గిట్ లాగ్ (కమిట్‌ల జాబితా) కొడితే ఒకే ఒక్క కమిట్, వాడు అప్పుడే కొట్టింది. ఆముదాలవలసలో ఉండే మా ఇంకో అబ్బాయి లాప్‌టాప్‌లో మూడు వారాల కిందటి క్లోన్ (చరిత్రతో సహా పూర్తి కాపీ) ఉంది కాబట్టి బతికాం. కోడ్ పోలేదు సార్, కానీ ఆ మూడు వారాల్లో డబ్ల్యూ-320, డబ్ల్యూ-240 జీడిపప్పు గ్రేడ్‌ల తూకం లెక్క ఎవరు ఎందుకు మార్చారో ఆ చరిత్రంతా పోయింది, ఫ్యాక్టరీ వాళ్ళు పాత బిల్లులో తేడా అడిగితే ఇప్పుడు మా దగ్గర జవాబు లేదు.

పాత ప్రాజెక్ట్ ఒకటి ఎస్‌వీఎన్‌లో (గిట్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) ఉంది, దానిదీ ఇదే గోల, డేటాబేస్ ఈజ్ లాక్డ్ అంటుంది, క్లీనప్ కొట్టినా అదే. 1.7 వెర్షన్ నుంచి ఎస్‌వీఎన్ వర్కింగ్ కాపీ (మనం పనిచేసే ఫోల్డర్) వివరాలన్నీ ఒక ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్‌లో పెట్టుకుంటుంది, నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీద ఫైల్ లాకింగ్ నమ్మకంగా పనిచెయ్యదని ఎస్‌క్యూలైట్ వాళ్ళే రాసిపెట్టారు. మీ వాళ్ళు మాత్రం కేబుల్ మార్చమన్నారు, మూడు సార్లు మార్చాం, స్విచ్ కూడా మార్చాం. అదే ప్రాజెక్ట్ సీ డ్రైవ్‌లో కొత్తగా చెకౌట్ చేసుకుంటే వారం రోజుల్లో ఒక్క ఎర్రర్ రాలేదు, ఆ మాట టికెట్‌లో రాసినా చదవకుండానే "పరిష్కరించబడింది" అని మూసేసారు.

ఇప్పుడు మేం పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి మెయిన్ రిపోజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) అందులో బేర్‌గా (పనిచేసే ఫైళ్ళు లేకుండా చరిత్ర మాత్రమే) పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో సిస్టంకి భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద ఎవరి క్లోన్ వాళ్ళ సొంత డిస్క్‌లో ఉంచుకుని పనిచేస్తున్నాం, మీ బాక్సు రాత్రి బ్యాకప్‌కి తప్ప దేనికీ వాడట్లేదు. ఈ పద్ధతి మొదటి రోజే మీ ఆయన చెప్పుంటే ఇంత ఖరీదైన మోడల్ కొనేవాళ్ళమే కాదు.

కాబట్టి బాక్సు వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, లేదా బ్యాకప్‌కి సరిపోయే చిన్న మోడల్ ఇచ్చి తేడా తిరిగివ్వండి. అప్‌డేట్‌లో ఓనర్ పేర్లు ఎందుకు మారాయో రాతపూర్వకంగా చెప్పండి. డాట్ గిట్ ఫోల్డర్ డిలీట్ చెయ్యమనే సలహా మీ సపోర్ట్ వాళ్ళు ఇంకెవరికీ ఇవ్వకుండా ఈ వారమే చూడండి, ఇది మాత్రం డబ్బుల కంటే ముందు అడుగుతున్నాను, ఎందుకంటే ఇంకో ఆఫీసులో లాప్‌టాప్‌లో క్లోన్ ఉన్న అబ్బాయి ఉండకపోవచ్చు.

బిల్లు, ఎర్రర్ల స్క్రీన్‌షాట్లు, మూసేసిన టికెట్ల కాపీలు జత చేసాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాను, అక్కడా తేలకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
శ్రీకాకుళం