లారమీలో మమ్మల్ని ఆదుకున్న మీ అందరికీ

ఈ జనవరిలో అమెరికాలోని వయోమింగ్‌లో ఐ-80 హైవే మూసేసినప్పుడు, లారమీ ఊళ్ళో మా కుటుంబాన్ని కడుపులో పెట్టుకుని చూసుకున్న ప్రతి ఒక్కరికీ రెండు చేతులెత్తి నమస్కారం. పేర్లు రాయొద్దని మీలో ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరివీ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

మా ఆయన ఉద్యోగం శాక్రమెంటోకి మారింది. సామాను ముందే వెళ్ళిపోయింది. అత్తయ్యకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు ఒకే చోట కూర్చోలేరు. అందుకని ఆర్వీ, అంటే పడకా వంటా అన్నీ ఉండే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని, ఎక్కడికక్కడ ఆగి ఆవిడ చేత నాలుగడుగులు వేయిస్తూ షికాగో నుంచి నిదానంగా బయల్దేరాం. అయోవా, నెబ్రాస్కా ఏ ఇబ్బందీ లేకుండా దాటాం. షయాన్ దాటి ఎక్కుతూ పోతే షెర్మన్ సమ్మిట్ వస్తుంది. 8,640 అడుగులు, మొత్తం ఐ-80 మీద అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. అది దిగి లారమీ చేరేసరికి ముందు రోడ్డు మీద గేటు దించేశారు, మన రైల్వే గేటు దించినట్టే. గాలికి మంచు లేచి ఏమీ కనపడకపోతే అక్కణ్ణుంచి రాలిన్స్ దాకా అలా మూసేస్తారట.

ట్రక్కులు ఆగే చోట ఓ మూల బండి పెట్టుకున్నాం. అర్ధరాత్రి బండిని వెచ్చగా ఉంచే ఫర్నెస్ ఆగిపోయింది. ఫర్నెస్ మండేది ప్రొపేన్ గ్యాస్‌తోనే అయినా, ఆ వేడిని లోపలికి తోసే ఫ్యాన్‌కి బ్యాటరీ కావాలి. అంత చలిలో బ్యాటరీ సత్తువ సగం పోతుంది. జనరేటర్ వేస్తే రెండు నిమిషాలు దగ్గి ఆరిపోతోంది. పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకుందామంటే తలుపులన్నీ బిగించిన బండిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది. బయట మైనస్ 25 సెల్సియస్.

అప్పుడు తలుపు కొట్టింది పక్క ట్రక్కు నడిపే పంజాబీ అన్నయ్య, మేం పాజీ అనే ఆయన. మా జనరేటర్ పదే పదే ఆగిపోవడం వింటూ పడుకోలేకపోయానన్నారు. మామయ్య నిజామాబాద్‌లో పనిచేసిన మనిషి, హిందీ బాగా వచ్చు. ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకున్నారో లేదో, "అమ్మాజీని నా క్యాబిన్‌లో పడుకోబెట్టండి" అన్నారాయన. ట్రక్కు మెట్లు ఎంత ఎత్తుంటాయో మీకు తెలుసు. ఆ మోకాళ్ళతో అత్తయ్య ఎక్కలేరని చూసి, ఓ ప్లాస్టిక్ పాల క్రేటు తెచ్చి బోర్లించారు. అది మంచు మీద జారుతోంటే తన కాలు అడ్డం పెట్టి, చెయ్యి పట్టుకుని ఎక్కించారు. తన పరుపు, తన రజాయి అత్తయ్యకిచ్చి, తెల్లారేదాకా స్టీరింగు ముందు సీట్లో కూర్చున్నారు. మామయ్యకి మాత్రం ఫ్లాస్కులో టీ పోసిస్తూనే ఉన్నారు. పాజీ, అత్తయ్య రోజూ దీపం పెట్టినప్పుడు మీ పిల్లల్ని కూడా తలుచుకుంటున్నారు.

పొద్దున వచ్చిన పెద్దాయన లారమీలోనే పుట్టి పెరిగిన రిటైర్డ్ మెకానిక్. పాజీయే ఎవరినో అడిగి పిలిపించారు. ఆయన వస్తూనే జనరేటర్ జోలికి వెళ్ళలేదు. పార తీసుకుని ముందు దాని పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచంతా తీసేశారు. అది మూసుకుంటే పొగ బండిలోకి తిరగబడుతుందని, ఏ పని చేసినా దీని తర్వాతేనని మా ఆయనకి చూపించారు. తర్వాత మూత విప్పి లోపల ఓ చిన్న మీట కాస్త తిప్పారు. అంతే. లారమీ 7,200 అడుగుల ఎత్తున ఉంది, గాలి పల్చన. పెట్రోలు పాళ్ళు ఆ ఎత్తుకి తగ్గట్టు మార్చకపోతే జనరేటర్‌కి ఊపిరాడదు. ఆ తర్వాత సింకు కింద అలమర తలుపులు తెరిపించి వేడి పైపులకి తగిలేలా చేశారు. వాడిన నీళ్ళు చేరే గ్రే ట్యాంకులో, టాయిలెట్‌ది చేరే బ్లాక్ ట్యాంకులో గడ్డకట్టకుండా గులాబీరంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ పోశారు. పని చేస్తూ ఆ రోడ్డు కథ కూడా చెప్పారు: పాత రోడ్డు ఉత్తరంగా మెడిసిన్ బో మీదుగా పోయేదట. కొత్త హైవేని ఎల్క్ మౌంటెన్ పక్కనుంచి వేయొద్దని అక్కడి పశువుల కాపరులు మొత్తుకున్నా వినలేదట. 1970లో తెరిచిన మొదటి చలికాలం నుంచే మంచుకి మూసుకుపోవడం మొదలైందట. మరుసటేడు నుంచి ఎగిరే మంచుని రోడ్డు మీదికి రాకుండా ఆపే స్నో ఫెన్సులు కట్టుకుంటూ వచ్చారు. డబ్బు ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. "మా ఆవిడకి మీ వంట నేర్పండి" అన్నారు, అంతే. ఉప్మా నేర్పి వచ్చాను.

వయోమింగ్ యూనివర్సిటీ తెలుగు పిల్లలూ, మీకేం చెప్పను! ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క మెసేజ్ చూసి ఆ గాలిలో కారేసుకుని వచ్చారు. అత్తయ్యని, మామయ్యని మీ అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళి, మీరు ముగ్గురూ హాల్లో కింద పడుకున్నారు. రోడ్డు తెరిచేదాకా పప్పన్నం, ఆవకాయ, పొద్దునా సాయంత్రం కాఫీ. ముఖ్యంగా ఫార్మసీ చదువుతున్న తల్లికి దండం. అత్తయ్య ఇన్సులిన్ పెన్నులు ఎక్కడున్నాయని వచ్చీ రాగానే అడిగింది తనే. రాత్రి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగి మామూలుగా కనిపించినా వాడకూడదని మాకెవ్వరికీ తెలియదు. ఒక్కొక్క పెన్నూ చూసి, బండిలో ఉండిపోయినవి పక్కన పెట్టించి, అత్తయ్య డాక్టరుతో మాట్లాడించి, మందుల షాపులో కొత్తవి ఇప్పించి కానీ కూర్చోలేదు. నువ్వు అడగకపోయుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తూనే ఉంది తల్లీ.

రాత్రీ పగలూ మంచు తోసిన స్నో ప్లో డ్రైవర్లకీ నమస్కారం. గేట్లు ఎత్తాక కూడా మాలాంటి తేలికపాటి ఎత్తు బళ్ళని వెంటనే వదల్లేదు, ఆ గాలి పక్కకి పడేస్తుందని. అప్పుడు విసుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎల్క్ మౌంటెన్ దగ్గర పక్కకి ఒరిగిపోయి ఉన్న ట్రైలర్‌ని చూశాక మా బండిలో ఎవ్వరం మాట్లాడలేదు. పాజీ మాకన్నా ముందే బయల్దేరారు. రాలిన్స్ నుంచి ఒకసారి, రాక్ స్ప్రింగ్స్ నుంచి ఒకసారి ఫోన్ చేసి ఎక్కడ ఐసు ఉందో, ఎక్కడ గాలి కొడుతోందో మామయ్యకి చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు శాక్రమెంటోలో ఇల్లు సర్దుకున్నాం. అదే ఐ-80 మా ఇంటికి దగ్గర్లోనే పోతుంది. పాజీ, మీరు లోడుతో ఇటు వచ్చినప్పుడల్లా భోజనం మా ఇంట్లోనే. పిల్లలూ, సెలవులకి రండి, టిక్కెట్లు మేం తీస్తాం. పెద్దాయనకి ఈ పోస్టు ఎవరైనా ఇంగ్లీషులో చదివి వినిపించండి, వాళ్ళావిడ ఉప్మా కుదిరిందో లేదో కూడా కనుక్కుని నాకు చెప్పండి.