పుట్టిన సంవత్సరం చాలదు

సంపాదకులకు,

1981–96 మధ్య పుడితే మిలీనియల్స్, 1997 నుంచి జెన్ జీ అని గీత గీసి కంపెనీలు వ్యాపార ప్రకటనలు రాసేస్తున్నాయి. 1996 డిసెంబరులో పుట్టినవారికీ మరుసటి నెలలో పుట్టినవారికీ అలవాట్లలో తేడా ఏముంటుంది? వయసు ప్రభావం (వయసుతో వచ్చే మార్పు), కాలం ప్రభావం (ఆ సమయంలో అందరిపైనా పడేది), తరం ప్రభావం (ఒకే కాలంలో పుట్టి పెరిగినవారిలో నిలిచిపోయేది) వేర్వేరు. ఒక్క ఏడాది సర్వేతో వాటిని విడదీయలేం. ఇప్పుడు ఇరవై ఏళ్లవారిని అడిగిన ప్రశ్నలే, పదేళ్లయ్యాక ముప్పై నిండిన అదే తరాన్నీ, అప్పటి ఇరవై ఏళ్లవారినీ అడగాలి. పైగా ఆన్‌లైన్ సర్వేలో నెట్ వాడని పెద్దలు లెక్కలోకే రారు. వచ్చిన కొద్దిమందిని చూసి పెద్దలందరి మాటా తేల్చేయడం మరీ విడ్డూరం! ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చాలాసార్లు వారికి అడ్డం టెక్నాలజీ కాదు, సన్నటి అక్షరాలు, చటుక్కున గడువు తీరే ఓటీపీ. కొనుగోలు ఏ దశలో ఆగిపోతోందో వయసులవారీగా చూస్తే ఇది బయటపడుతుంది.

– ఒక పాఠకుడు